గుర్రం జాషువా

గుర్రం జాషువా (సెప్టెంబర్ 28, 1895 - జూలై 24, 1971) ఆధునిక తెలుగు కవులలో అగ్రగణ్యుడు. గబ్బిలం, ఫిరదౌసి కావ్యాల ద్వారా తెలుగువారికి చిరపరిచితుడు. ఈయన రచించిన క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అస్పృశ్యుడని సభలలోను, పురాణకథలు వ్రాస్తున్నాడని స్వమతస్థులలోను వెలికి గురైన కవి, జీవితం మూడువంతులు గడిచాక మళ్ళీ సువార్తల కథనే కావ్యవస్తువుగా ఎంచుకోవడం ఈయన సాహిత్య జీవితంలో గమనించదగ్గ విషయం.

జననం, బాల్యం

జాషువా ఆనాటి కృష్ణా జిల్లా వినుకొండ వద్ద చాట్రగడ్డపాడులో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించాడు. (ఈ ప్రాంతం 2022 నుండి పల్నాడు జిల్లాలో ఉంది.) తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ కులస్థురాలు. అందువల్ల బడిలోను, వీధిలోను ఈ బాలుడికి చిన్నతనం నుండే చిన్నచూపు తప్పలేదు. కుటుంబం క్రైస్తవ మతాన్ని అవలంబించింది. బైబిలులో మోషే తరువాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ పేరుకు రూపాంతరమే జాషువా. యేసు అనే పేరు కూడా ఆ హీబ్రూ పేరు నుండే వచ్చింది.

ఆ రోజుల్లో కృష్ణా నదికి ఇరువైపులా నిమ్నవర్గాల పిల్లలకు చదువు దొరికే మార్గాలలో మిషన్ బడి ముఖ్యమైనది. బందరులో చర్చి మిషనరీ సొసైటీ 1841లోను, గుంటూరులో లూథరన్ మిషన్ 1842లోను పని ప్రారంభించాయి. అయితే బందరులో నోబుల్ దొర 1843లో పెట్టిన పాఠశాల ప్రధానంగా అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించినది. బైబిలు చదువు ఉన్న చోట కూడా కులం గుమ్మం దగ్గరే ఆగిపోలేదన్నమాట.

జాషువాకు చిన్నప్పుడు చిత్రలేఖనం, సంగీతం మీద ఆసక్తి ఉండేది. బాల్యమిత్రుడు, తరువాతి కాలంలో కవిగా పేరుపొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యంలో కవిత్వం మీద అభిరుచి కలిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఒకవైపు ఇంట్లో బైబిలు, మరొకవైపు గురువు వద్ద కాళిదాసు. ఈయన కవిత్వాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండూ అవసరమే.

ఉద్యోగాలు

1910లో మేరీతో వివాహం జరిగింది. మిషన్ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరాడు. ఆ ఉద్యోగం పోయాక రాజమండ్రి వెళ్ళి 1915-16లో సినిమా వాచకుడిగా పనిచేశాడు. మూకీ చిత్రాల కాలమది. తెరపై బొమ్మ నడుస్తుంటే పక్కన నిలబడి కథను, సంభాషణలను చదవడమే ఈ పని. తరువాత గుంటూరులో లూథరన్ చర్చి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు, అటుపై 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితుడిగా పనిచేశాడు. రెండవ ప్రపంచయుద్ధ సమయంలో యుద్ధప్రచారకుడిగాను, 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్తగాను ఉన్నాడు.

రెండు వైపులా వెలి

వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివినప్పుడు, నిమ్నకులస్థుడిని సభలోకి ఎందుకు రానిచ్చారంటూ కొందరు అవమానించారు. ఇటువంటి సంఘటనలు ఆయన జీవితంలో అనేకం. రుక్మిణీ కళ్యాణం (1919), కుశలవోపాఖ్యానం (1922) వంటి తొలి రచనలు పురాణకథలకు సంబంధించినవి. క్రైస్తవుడై ఉండి ఇటువంటివి వ్రాయడమేమిటని సంఘపెద్దలు ఆయనను బహిష్కరించారు. కవిగా ఒక గుమ్మం వద్ద, క్రైస్తవుడిగా మరొక గుమ్మం వద్ద ఆయన బయట నిలబడవలసివచ్చింది.

ఈ గాయం కవిత్వంలో పలు రూపాలలో కనబడుతుంది. ఫిరదౌసి (1932) గజనీ మహమ్మదు బంగారు నాణేలు ఇస్తానని మాటతప్పి వెండి నాణేలు పంపిన పారశీక కవి కథ. గబ్బిలం (1941) అంతకంటే సూటిగా మాట్లాడుతుంది. మేఘసందేశాన్ని పోలిన ఈ కావ్యంలో, గుడి ప్రవేశం లేని ఒక దళితుడు తన మొర కాశీలోని విశ్వనాథునికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి లేని స్వేచ్ఛ గబ్బిలానికి ఉంది, అది గర్భగుడిలో తలక్రిందులుగా వేలాడగలదు. కావ్యమంతా నిరసనే అయినా, చెబితే వినే దేవుడు ఒకడు ఉన్నాడన్న నమ్మకం లేనిదే ఆ సందేశానికి అర్థం లేదు. నాయకుడి తగవు పూజారితో, సంఘంతో. శివునితో ఉన్నది మొర మాత్రమే.

క్రీస్తు చరిత్ర

ఖండకావ్యాలలో అంతకుముందే క్రీస్తును గురించి వ్రాసిన జాషువా, 1958లో క్రీస్తు చరిత్రను వెలువరించాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటింది.

బైబిలు కథను తెలుగు పద్యంలోకి తేవడం ఈయనతో మొదలవలేదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము అనే కావ్యంలో క్రీస్తు కథను ప్రబంధశైలిలో చెప్పాడు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు క్రైస్తవ సంఘాలలో ఇంటింటా పాడబడ్డాయి. ఇతర భారతీయ భాషలలోను ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. తమిళంలో కృష్ణపిళ్ళై, జాన్ బన్యన్ రచించిన యాత్రికుని కథ ఆధారంగా రక్షణ్య యాత్రికం (1894) వ్రాశాడు. మరాఠీలో నారాయణ వామన తిలక్ క్రిస్తాయన్ ప్రారంభించి 1919లో మరణించగా, భార్య లక్ష్మీబాయి దానిని పూర్తి చేసింది. మలయాళంలో వళ్ళత్తోళ్ క్రైస్తవుడు కాకపోయినా మగ్దలేనా మరియను గురించి కావ్యం వ్రాశాడు.

సువార్తలు క్లుప్తంగా ఉంటాయి. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఏమన్నారు, ఏమి జరిగింది అన్నంత వరకే చెప్పి ముందుకు సాగుతాయి. కావ్యానికి వర్ణన కావాలి, పాత్రల మనసులోకి తొంగిచూడాలి. కాబట్టి కవి ఊహించక తప్పదు. రామాయణం విషయంలో తెలుగు కవులు వందల ఏళ్ళుగా చేస్తున్న పనే ఇది. క్రైస్తవ పాఠకులకు మాత్రం లేఖనం మీద కల్పన చేయవచ్చునా అనే సందేహం ఉండేది. పురాణకథలు వ్రాసినందుకు వెలివేయబడిన కవి, ఆ పురాణకవిత్వంలో నేర్చిన పద్యవిద్యనే క్రీస్తు కథకు వినియోగించాడు.

ఆ కథలో జాషువా వంటి జీవితం గడిపినవారికి తగిలే ఘట్టాలు చాలా ఉన్నాయి. కుష్ఠరోగి బాగుపడాలంటే మాట చాలు, అయినా యేసు చేయి చాపి అతనిని ముట్టుకుంటాడు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి అపవిత్రురాలిగా ఎంచబడిన స్త్రీ వస్త్రపు చెంగు తాకితే, కోపించడానికి బదులు ఆమెను కుమారీ అని పిలుస్తాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయని కాలంలో సమరయ స్త్రీని బావి వద్ద నీళ్ళు అడుగుతాడు. ఊరి బావి సంగతి తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ చివరి ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు. లూకా సువార్త నాలుగవ అధ్యాయంలో నజరేతు వారు యేసునే సమాజమందిరం నుండి లేపి ఊరి వెలుపలికి తోసివేస్తారు. యోహాను తొమ్మిదవ అధ్యాయంలో చూపు పొందిన పుట్టుగుడ్డిని మతపెద్దలు వెలివేస్తారు. వెలివేశారని విన్నాకే యేసు అతనిని వెదకి పలకరిస్తాడు. సువార్తలలో స్వస్థత అంటే రోగం పోవడం ఒక్కటే కాదు, వెలి పోవడం కూడా.

నాస్తికుడా, విశ్వాసియా?

రెండు మతాలవారి చేతా అవమానాలు పొందిన జాషువా చివరకు నాస్తికుడయ్యాడని కొందరు వ్రాశారు. ఆయన కుమార్తె, సంఘసేవకురాలు హేమలత, ప్రముఖ నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన లవణంను వివాహమాడడం, జాషువా ఆ వివాహాన్ని ఆమోదించడం ఇందుకు బలం చేకూర్చే విషయాలు. మరొకవైపు క్రీస్తు చరిత్రను కేవలం సాహిత్య వ్యాయామంగా చూడడం కష్టం. బుద్ధుడు, గాంధీ, క్రీస్తు ముగ్గురి మీదా ఆయన కవిత్వం చెప్పాడు. ముగ్గురిలోనూ ఆయనకు కనిపించింది కరుణ. సంఘం ఇచ్చే సభ్యత్వంతో నిమిత్తం లేకుండా క్రీస్తును తనవాడిగా చేసుకున్నాడని చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుంది. ఆయనను ఏదో ఒక పక్షానికి పూర్తిగా అప్పగించడానికి ఆయన రచనలు ఒప్పుకోవు.

సత్కారాలు

తిరుపతి వేంకట కవులలో ఒకరు, బందరు హిందూ ఉన్నత పాఠశాలలో విశ్వనాథ సత్యనారాయణ వంటివారికి గురువు అయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. శతావధాని, బ్రాహ్మణుడు, వయోవృద్ధుడు అయిన కవి, సభలోకి రానీయని కులంలో పుట్టిన కవి పాదాన్ని తాకడం ఆ రోజుల్లో సామాన్యమైన విషయం కాదు. జాషువా పొందిన సత్కారాలన్నిటిలో దీనినే తెలుగువారు ఎక్కువగా తలచుకుంటారు.

కవికోకిల, కవితా విశారద, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ, విశ్వకవి సమ్రాట్ మొదలైన బిరుదులు ఉన్నాయి. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి నియమితుడయ్యాడు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతోను, భారత ప్రభుత్వం పద్మభూషణ్ తోను గౌరవించాయి.

చివరి రోజులు

తన జీవితాన్ని నా కథ పేరుతో పద్యరూపంలోనే వ్రాసుకున్నాడు. ఆకలి, ఉద్యోగం కోసం తిరుగుడు, సభలలో ఎదురైన పరాభవాలు తెలుసుకోవాలనుకునేవారు ముందుగా చదవవలసిన గ్రంథం ఇదే. 1971 జూలై 24న గుంటూరులో మరణించాడు. తండ్రి రచనల ప్రచారానికి కృషి చేసిన హేమలతా లవణం 2008లో మరణించింది.