సవర పలుకు విన్న గురువు



ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాము. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జన్మదినము. పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని ఆయన పోరాడిన సంగతి మీకు తెలుసు. ఆయన మరొక భాషకు చేసిన సేవను కూడా తెలుసుకోండి.

గిడుగువారు 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. అక్కడి కొండలలో సవరలు నివసించేవారు. వారి భాషకు అప్పట్లో లిపి లేదు. సవర పిల్లలకు తమ భాషలో చదువుకొనే బడి లేదు. ఆ మాటలు గిడుగువారి మనసును ఆకర్షించాయి.

తెలుగు, సవర రెండూ తెలిసిన ఒకరిని ఆయన తన ఇంట ఉంచుకొని ఆ భాష అభ్యసించారు. అది తేలిక కాదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాష. గొంతులో శ్వాసను క్షణకాలం ఆపి పలికే ధ్వని వంటివి మన అక్షరాలలో ఇమడవు. అందుచేత ఆయన ముందు శ్రద్ధగా విన్నారు, ఆ తరువాతనే వ్రాశారు. పదాలతోపాటు పాటలను, కథలను కూడా సేకరించారు. సవర పిల్లలకు వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ప్రభుత్వం బహుమానంగా ధనం ఇవ్వబోతే, తనకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టమని కోరారు.

కొండలలో తిరుగుతూ ఉండగా ఆయనకు మలేరియా సోకింది. అందుకు వాడిన క్వినైను వలన వినికిడి పోయింది. వినడమే పనిగా పెట్టుకొన్నవారికి అది ఎంత నష్టమో ఆలోచించండి! అయినా పని ఆపలేదు. కుమారుడు సీతాపతిగారు చేదోడుగా నిలిచారు, సవర పాటలను ప్రకటించారు. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. 1940లో గిడుగువారు కన్నుమూశారు.

ఇర్వింగ్‌లో ఉన్న మనకు ఈ కథ దూరమైనది కాదు. ఈ ట్రినిటీ నదీ ప్రాంతంలో ఒకప్పుడు విచిటా జాతివారు తిరిగేవారు. వారి భాషను ధారాళంగా మాట్లాడగల చివరి మహిళ 2016లో మరణించారు. భాషావేత్తలు ఆమె మాటలను ముందే రికార్డు చేసినందువలన ఆ స్వరం మిగిలింది.

మా పూర్వులు మలయా రబ్బరు తోటలకు తెలుగును నోటితోనే తీసుకొనిపోయారు. మా అవ్వ పాడిన పాటలను ఎవరూ వ్రాసి ఉంచలేదు. నాకు ఇప్పుడు రాగం గుర్తున్నది, మాటలు లేవు.

కాబట్టి ఈ వారం మీ అమ్మమ్మనో, నాయనమ్మనో ఒక పాట పాడమని అడగండి. ఆమె పలికినది పలికినట్లే వ్రాయండి. తప్పులని దిద్దకండి. గిడుగువారు మెచ్చే పని అదే.