పసిబిడ్డే గురువు

1896లో స్విట్జర్లాండులో జన్మించిన జీన్ పియాజె మొదట నత్తలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు. తరువాత పారిస్‌లో పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెడుతూ, వారి తప్పు జవాబుల వెనుకా ఒక ఆలోచన ఉందని గ్రహించారు. మరి మాటలు రాని బిడ్డను ప్రశ్నించేదెలా?

1925 నుండి తనకు కలిగిన ముగ్గురు బిడ్డలనే, భార్యతో కలిసి, గమనించి రాసుకున్నారు. బొమ్మను గుడ్డ కింద దాచితే ఎనిమిది నెలల లోపు బిడ్డ వెదకదు. కనబడనిది ఆ బిడ్డకు లేనట్లేనని తలచారు. 1980లో ఆయన మరణించారు. 1985లో అమెరికా పరిశోధకులు బిడ్డల చూపు ఎంతసేపు నిలుస్తుందో కొలిచి, దాగిన వస్తువు ఉందని ఐదు నెలలకే తెలుస్తుందని చూపారు.

ఆయన లెక్క మారినా, ఓపికగా గమనించాలన్న పాఠం నిలిచింది. తల్లిదండ్రులారా, బిడ్డ తప్పును దిద్దేముందు, ఆ తప్పు ఏమి చెబుతున్నదో చూడండి.