యుద్ధానికి కాదన్న వినోబా

ఈ వారం మీ ముందుకు తెస్తున్నది పునీతుల చరిత్ర కాదు. ఆయన క్రైస్తవుడు కూడా కాదు. ఆచార్య వినోబా భావే. ఆ పేరు వినగానే మీ ఇంటి పెద్దలకు భూదానం గుర్తుకొస్తుంది. అంతకు పదేళ్ళ ముందు ఆయన చేసిన పని మాత్రం చాలామంది మరచిపోయారు.

1895లో మహారాష్ట్రలోని గాగోదే గ్రామంలో పుట్టారు. 1916లో పరీక్ష రాయడానికి బొంబాయి రైలెక్కి, మధ్యలోనే దిగి కాశీ చేరారు. అదే ఏడాది గాంధీజీని కలిశారు. ఆ తర్వాత ఆయన బ్రతుకంతా ఆశ్రమం, రాట్నం, ప్రార్థన.

1939 సెప్టెంబరులో వైస్రాయి మన నాయకులను ఒక్క మాటైనా అడగకుండా ఈ దేశాన్ని యుద్ధంలోకి దించాడు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, నిజమే. కాని యుద్ధానికి మనుషులూ డబ్బూ ఇక్కడినుంచే పోతున్నాయి. అలా ఇవ్వడం తప్పని ఒక్కొక్కరుగా నిలబడి చెప్పాలన్నారు గాంధీజీ. మొదటి సత్యాగ్రహిగా వినోబాను, రెండవవారిగా నెహ్రూను ఎంచుకున్నారు. ఎందుకలా? నెహ్రూగారి అభ్యంతరం ఆ యుద్ధం మీద; స్వాతంత్ర్యం ఇచ్చి ఉంటే సహకరించేవారే. వినోబా అభ్యంతరం యుద్ధం మీదే. ఈ తేడాను కాస్త నిదానంగా ఆలోచించండి. 1940 అక్టోబరు 17న ఆయన పౌనారులో ప్రసంగించారు. 21న అరెస్టు చేసి మూడు నెలల జైలుశిక్ష వేశారు.

మన ఆమదాలవలస స్టేషనులో సెలవు ముగిసి రైలెక్కే సైనికులను మీరు చూస్తూనే ఉంటారు. వారి తల్లిదండ్రులు ఇది చదివి నొచ్చుకోవద్దు. 1965లో రెండవ వాటికన్ మహాసభ దేశరక్షణకు నిలిచిన సైనికుణ్ణి గౌరవించింది. ఆ పత్రంలోనే, మనస్సాక్షి ఒప్పక ఆయుధం పట్టనివారిపట్ల చట్టాలు మానవత్వం చూపాలనీ, అయితే వారు మరో విధంగా సమాజానికి సేవ చేయాలనీ కోరింది.

ఆ సేవ ఎలా ఉంటుందో వినోబా 1951లోనే చూపారు. అప్పుడు తెలంగాణలో ఒకవైపు కమ్యూనిస్టుల సాయుధ పోరాటం, మరోవైపు ప్రభుత్వ బలగాలు. నడుమ నలిగినవాడు పల్లెటూరి పేదవాడు. 1967 తర్వాత మన ఏజెన్సీ గ్రామాల సంగతి ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వార్ధా ప్రాంతం నుండి సుమారు 300 మైళ్ళు నడిచి ఆయన హైదరాబాదు దగ్గరి శివరాంపల్లి చేరారు. జైలుకు వెళ్ళి కమ్యూనిస్టు ఖైదీలతో మాట్లాడారు. తర్వాత నల్లగొండ దారి పట్టారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలవారు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. ఆయన దగ్గర ఇవ్వడానికేముంది? ఊరివారినే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ పాదయాత్రలోనే తెలంగాణలో 12 వేల ఎకరాలకు పైగా దానం వచ్చింది.

తర్వాతి కాలంలో దేశమంతటా వచ్చిన భూమిలో చాలాభాగం సాగుకు పనికిరానిది, పంచకుండా మిగిలిపోయినదీ ఉంది. ఆయనను మెచ్చుకునేవాళ్ళం ఈ మాట దాచకూడదు.

1957లో శాంతిసేన ప్రారంభించారు. అల్లర్లు రేగినచోటికి ఆయుధం లేకుండా వెళ్ళడం ఆ సైనికుల పని. నూతన నిబంధన చదివి, క్రైస్తవ ధర్మసారాన్ని ఒక చిన్న పుస్తకంగా కూర్చారు. 1982 నవంబరు 15న పౌనారులో, యుద్ధానికి సాయం చేయనని మొదట పలికిన ఆ ఊళ్ళోనే, కన్నుమూశారు.