కోపల్లె వారి తరువాత

మన సంఘానికి యాభయ్యేళ్లు నిండాయి, సావనీరుకు ఏదైనా రాయమంటే నాకు కోపల్లె హనుమంతరావు గారే గుర్తొచ్చారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. ఇక బడి నడుస్తుందా అని మా నాన్నగారు భోజనాల దగ్గర ఒకటే బెంగ. 1922లో బందరు జనానికీ ఇదే బెంగ, ఇంతకు పదింతలు.

హనుమంతరావు గారు 1880లో పుట్టారు. ఎం.ఏ., బి.ఎల్. చదివారు. ప్లీడరీ చేసుకుంటే హాయిగా గడిచేది. 1907లో బిపిన్ చంద్రపాల్ మన ప్రాంతం తిరిగి రగిలించిన వేడి చల్లారకముందే, 1910లో, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. దొరల ప్రభుత్వంతో సంబంధం లేని చదువు కాబట్టి చందాలే ఆధారం. పుస్తకాలతో పాటు చేతిపనులూ నేర్పేవారు. జెండా పింగళి వెంకయ్య గారూ అక్కడ పాఠాలు చెప్పినవారే.

మిగతా ఇద్దరికీ వేరే వ్యాపకాలుండేవి. పట్టాభి గారికి వైద్యం, రాజకీయం. ముట్నూరి వారికి కృష్ణాపత్రిక. ఈయనకు మాత్రం కళాశాలే లోకం. అలాంటి సంస్థకు అదే బలం, నన్నడిగితే గండమూ అదే.

నలభై దాటీ దాటకుండానే, 1922లో ఆయన పోయారు. కళాశాల మాత్రం మూతపడలేదు. అక్కడ ప్రమోదకుమార ఛటర్జీ గారి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్న శిష్యుడొకాయన 1930ల్లో తిరిగొచ్చి అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఆయన అడివి బాపిరాజు గారు. అంటే, మనలాగే పూర్వ విద్యార్థి!