నమ్మకం లేనందుకు కొలువులు కోల్పోయిన ఆచార్యుడు గోరా
(నవంబరు 15 – గోరా జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న నాటి గంజాం జిల్లా ఛత్రపురంలో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రాన్ని అభ్యసించి ఎం.ఏ. పట్టా పొందారు. మదురై, కోయంబత్తూరు, కొలంబోలలో పనిచేసి, కాకినాడ పి.ఆర్. కళాశాలలో అధ్యాపకులుగా చేరారు.

దైవవిశ్వాసం లేనివానికి ఎదురయ్యే వివక్ష ఆయనకు ముందుగా స్వగృహంలోనే అనుభవమైంది. యజ్ఞోపవీతాన్ని విసర్జించినందుకు తండ్రి ఇల్లు విడిచి వెళ్ళమన్నారు. సహధర్మచారిణి సరస్వతి భర్త వెంటనే నడిచారు. దేవుని భావనపై వ్రాసిన వ్యాసం కారణంగా 1933లో కాకినాడ కళాశాల యాజమాన్యం ఆయనను ఉద్యోగం నుండి తొలగించింది. పిదప చేరిన మచిలీపట్నం హిందూ కళాశాలలోనూ అదే అభ్యంతరం తలెత్తింది. 1940 నాటికి ఆ కొలువు కూడా ముగిసింది. పలువురు బిడ్డల తండ్రి, స్థిరమైన ఆదాయం లేదు. అయినను తన అభిప్రాయాన్ని దాచుకొని మరొక ఉద్యోగం వెదకలేదు. కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థుల ఆహ్వానంపై అక్కడికి చేరి నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. అస్పృశ్యతా నివారణకు సహపంక్తి భోజనాలు నిర్వహించారు. 1947లో కేంద్రం విజయవాడ సమీపాన పటమటకు తరలింది.

1944లో సేవాగ్రామంలో మహాత్మా గాంధీతో ఆయన చర్చలు జరిపారు. గోరా కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో వివాహం నిశ్చయం కాగా, ఆ వివాహ విధిలో దైవం పేరుకు బదులు సత్యం పేరు చేర్చేందుకు మహాత్ముడు అంగీకరించారు. పరమ ఆస్తికుడైన ఆయన చూపిన ఈ ఔదార్యాన్ని రెండు కళాశాలల వైఖరి ప్రక్కన ఉంచి చూడవలసి ఉంది. గాంధీజీ హత్యానంతరం, 1948 మార్చిలో, సేవాగ్రామంలోనే ఆ వివాహం జరిగింది.

గోరా 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూ కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 2002లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.

మతం లేదని చెప్పుకొనే పౌరుని ఇబ్బంది ఆయనతో ముగియలేదు. వనపర్తి జిల్లాకు చెందిన దంపతులు తమ బిడ్డ జనన నమోదులో మతం, కులం వ్రాయుటకు నిరాకరించగా, దరఖాస్తులో అందుకు అవకాశమే లేకపోయింది. వారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. జనన నమోదు దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అని తెలిపే గడిని చేర్చవలసిందిగా తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆదేశించింది.