ఎమ్మెస్సీ చేసింది మ్యాథ్స్‌లో.. గుట్టు విప్పింది నక్షత్రాలది! కిరాణా కొట్టు నుంచి వచ్చిన మేఘనాథ్ సాహా కథ ఇదీ..

స్కాలర్‌షిప్ పోయింది. హాస్టల్‌లో తోటి విద్యార్థులు పక్కన కూర్చుని తినమన్నారు. సర్కారు ఉద్యోగం పరీక్షకూ అనుమతి దొరకలేదు. అయినా ఆయన రాసిన ఒక సమీకరణం వందేళ్లు దాటినా ప్రపంచమంతా వాడుతూనే ఉంది. ఆయనే మేఘనాథ్ సాహా.

1893 అక్టోబర్ 6న ఢాకా దగ్గర్లోని శెవరాతలి అనే పల్లెలో సాహా పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్‌ది చిన్న కిరాణా కొట్టు. కొడుకు కొట్లో కూర్చుంటే చాలనుకున్నారు ఆయన. పైగా ఊళ్లో ఉన్నది ప్రాథమిక బడి మాత్రమే. పై చదువుకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని శిములియా వెళ్లాలి. అక్కడ అనంత కుమార్ దాస్ అనే డాక్టర్ పిల్లాడికి తన ఇంట్లో చోటిచ్చారు. తిన్న కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి.. అంతే షరతు. ఆ ఇంట్లో ఉండి చదివిన కుర్రాడు మిడిల్ పరీక్షలో ఢాకా జిల్లా ఫస్ట్ వచ్చాడు. స్కాలర్‌షిప్‌తో ఢాకా కాలేజియేట్ స్కూల్లో సీటు దొరికింది.

అప్పుడే కష్టం మొదలైంది. అవి బెంగాల్ విభజన రోజులు. గవర్నర్ ఫుల్లర్ రాకను నిరసించిన విద్యార్థులతో పాటు సాహాపైనా వేటు పడింది. బడి పోయింది, స్కాలర్‌షిప్పూ పోయింది. ఓ ప్రైవేటు స్కూలు చేర్చుకోవడంతో చదువు నిలబడింది. 1909 ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్ విద్యార్థుల్లో ఆయనే ఫస్ట్!

ప్రెసిడెన్సీ కాలేజీలో ఏం జరిగింది?

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో మ్యాథ్స్ ఆనర్స్‌లో చేరారు. పాఠాలు చెప్పింది జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే లాంటి దిగ్గజాలు. క్లాస్‌మేట్ ఎవరో తెలుసా? సత్యేంద్రనాథ్ బోస్. 1913 బీఎస్సీలో బోస్ ఫస్ట్, సాహా సెకండ్. 1915 ఎమ్మెస్సీలోనూ అదే వరస.

క్లాసులో ర్యాంకు ఇది.. మరి హాస్టల్‌లో? కులం పేరు చెప్పి కొందరు ఆయనతో కలిసి భోజనానికి ఒప్పుకోలేదు. ఆ అవమానాన్ని సాహా జీవితాంతం మర్చిపోలేదు. చదువయ్యాక ఫైనాన్స్ సర్వీస్ పరీక్ష రాద్దామనుకుంటే, స్వాతంత్ర్య ఉద్యమకారులతో పరిచయాలున్నాయని బ్రిటిష్ సర్కారు కుదరదంది.

దారి చూపింది అశుతోష్ ముఖర్జీ. కొత్తగా పెట్టిన యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో 1916లో బోస్‌కీ, సాహాకీ లెక్చరర్ పోస్టులిచ్చారు. మొదట మ్యాథ్స్ విభాగం.. తర్వాత ఫిజిక్స్‌కు మార్చారు. ఇక్కడే చిక్కు! సాహా ఎమ్మెస్సీ చేసింది అప్లైడ్ మ్యాథమేటిక్స్. చెప్పాల్సింది థర్మోడైనమిక్స్, స్పెక్ట్రోస్కోపీ. అంటే రాత్రి తాను నేర్చుకోవాలి, పొద్దున పిల్లలకు చెప్పాలి. మంచి పుస్తకాలేమో జర్మన్‌లో ఉన్నాయి. ఢాకాలో ఉండగానే నేర్చుకున్న జర్మన్ అప్పుడు అక్కరకొచ్చింది. బోస్‌తో కలిసి ఐన్‌స్టీన్ సాపేక్షతా పత్రాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. 1920లో కలకత్తా యూనివర్సిటీ వాటిని పుస్తకంగా వేసింది.

సాహా సమీకరణం అంటే ఏంటి?

నక్షత్రపు వెలుగును పట్టకం గుండా పంపితే రంగుల పట్టీ మీద నల్ల గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలు. కానీ ఒక నక్షత్రంలో కనిపించే గీతలు ఇంకోదాంట్లో ఉండవు. ఎందుకు? ఈ ప్రశ్నకు అప్పటిదాకా సరైన జవాబు లేదు.

క్లాసు కోసం చదివిన థర్మోడైనమిక్సే సాహాకు దారి చూపింది. బాగా వేడెక్కితే అణువు నుంచి ఎలక్ట్రాన్ విడిపోతుంది. దీన్ని మామూలు రసాయన చర్యలాగే లెక్కగట్టొచ్చని ఆయనకు తట్టింది. ఉష్ణోగ్రత పెరిగినా, ఒత్తిడి తగ్గినా ఎక్కువ అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి, దాంతో గీతలు మారిపోతాయి. అంటే గీతలు చూసి నక్షత్రం ఎంత వేడిగా ఉందో చెప్పేయొచ్చన్నమాట! 1920లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో ఈ పరిశోధన వచ్చింది. అప్పటికి ఆయన వయసు 27.

సూర్యుడిలో రుబీడియం గీతలు ఎందుకు లేవన్నదానికీ ఆయన దగ్గర జవాబుంది. ఆ వేడికి దాని ఎలక్ట్రాన్ ఇట్టే ఊడిపోతుంది, కాస్త చల్లగా ఉండే సూర్యమచ్చల్లో వెతకండన్నారు. వెతికితే నిజంగానే దొరికింది! 1925లో సిసిలియా పేన్ ఇదే సమీకరణం పట్టుకుని, నక్షత్రాల్లో ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్, హీలియం అని తేల్చారు.

1927లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోషిప్ ఇచ్చింది. నోబెల్‌కు పలుమార్లు నామినేట్ అయినా బహుమతి మాత్రం రాలేదు. అలహాబాద్ యూనివర్సిటీలో 15 ఏళ్లు పాఠాలు చెప్పారు. శ్రీవాస్తవతో కలిసి వేడి మీద రాసిన పాఠ్యపుస్తకాన్ని దేశంలో ఎన్నో తరాల డిగ్రీ విద్యార్థులు చదివారు. కలకత్తాలో న్యూక్లియర్ ఫిజిక్స్ సంస్థ పెట్టారు. ఇప్పుడది ఆయన పేరుతోనే నడుస్తోంది.

1952లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభకు వెళ్లారు. క్యాలెండర్ సంస్కరణ కమిటీకి ఛైర్మన్ కూడా ఆయనే. గెజిట్‌పై ఇంగ్లిష్ తేదీ పక్కన మనకు కనిపించే శక సంవత్సరం తేదీ ఆ కమిటీ సిఫార్సే. 1957 మార్చి 22న అది అమల్లోకి వచ్చింది. చూడటానికి సాహా లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్ ఆఫీసుకు వెళ్తూ దారిలోనే గుండెపోటుతో కుప్పకూలారు. వయసు 62.

భోజనం దగ్గర ఆయన్ను పక్కకు పెట్టినవాళ్ల పేర్లు ఇవాళ ఎవరికీ తెలియవు. ఆస్ట్రోఫిజిక్స్ చదివే ఏ దేశపు విద్యార్థికైనా సాహా పేరు మాత్రం తెలుసు.