మతానికి దండనాధికారం లేదన్న మెండెల్సన్

మత నియమం తప్పినవారిని శిక్షించే హక్కు మత పెద్దలకు ఉందా? పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో ఈ ప్రశ్నకు, యూదు ధర్మాన్ని నిష్ఠగా పాటిస్తూనే, లేదని సమాధానం చెప్పిన తత్వవేత్త మోసెస్ మెండెల్సన్.

ఆయన 1729 సెప్టెంబర్ 6న జర్మనీలోని డెస్సౌ పట్టణంలో జన్మించారు. తండ్రి తోరా ప్రతులను చేతితో రాసే లేఖకుడు. బాల్యంలోనే వెన్ను వంగిపోయిన మెండెల్సన్, గురువు డేవిడ్ ఫ్రాంకెల్‌ను అనుసరించి పద్నాలుగేళ్ల ప్రాయంలో బెర్లిన్ చేరారు. పేదరికంలోనే భాషలు, గణితం, తత్వశాస్త్రం అభ్యసించారు. ఒక పట్టు వ్యాపారి ఇంట పిల్లలకు చదువు చెప్పి, అనంతరం ఆ సంస్థలోనే గుమాస్తాగా చేరి భాగస్వామి అయ్యారు. 1763లో బెర్లిన్ అకాడమీ వ్యాసపోటీలో ఇమ్మాన్యుయెల్ కాంట్‌ను రెండో స్థానానికి నెట్టి ప్రథమ బహుమతి గెలుచుకున్నారు. అయినా 1771లో అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకున్నప్పుడు రాజు రెండో ఫ్రెడరిక్ ఆమోదముద్ర వేయలేదు.

ఆనాటి యూదు సంఘాలు నియమం తప్పినవారిని వెలివేసేవి. 1656లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్పినోజాకు పడిన శిక్ష అదే. 1781లో ప్రష్యా అధికారి డోమ్, యూదులకు పౌరహక్కులు ఇవ్వాలని వాదిస్తూనే, వెలివేసే అధికారాన్ని వారి సంఘాలకే ఉంచాలని ప్రతిపాదించారు. తమ హితం కోరిన వ్యక్తే అయినా, మెండెల్సన్ ఆ ప్రతిపాదనతో విభేదించారు. తప్పు చేసినవాడికే ప్రార్థనా మందిరం ఎక్కువ అవసరమని, అతణ్ణి గెంటివేయడం మతోద్దేశానికే విరుద్ధమని 1782లో ఒక పీఠికలో వాదించారు.

దీనిపై పేరు వెల్లడించని ఒక రచయిత ఆయనను నిలదీశారు. మోషే ధర్మశాస్త్రం సబ్బాతును ఉల్లంఘించినవారికి మరణశిక్ష విధించింది; బలప్రయోగాన్ని నిరాకరిస్తే యూదు మతాన్నే విడిచినట్లు కాదా అన్నది ఆ ప్రశ్న.

మెండెల్సన్ 1783లో జెరూసలేం అనే గ్రంథంతో బదులిచ్చారు. ప్రాచీన ఇశ్రాయేలులో దేవుడే రాజు గనుక మతం, రాజ్యం ఒకటిగా ఉండేవని, అక్కడి శిక్షలు రాజ్యాపరాధాలకే గాని అవిశ్వాసానికి కావని వివరించారు. దేవాలయం కూలి రాజ్యం అంతరించాక ఆ శిక్షలూ అంతరించాయన్నారు. ధర్మవిధులు యూదులందరికీ శిరోధార్యమేనని, అయితే వాటిని మనస్ఫూర్తిగా ఆచరించాలే తప్ప ఎవరూ బలవంతపెట్టరాదని తేల్చిచెప్పారు. రాజ్యం మనిషి చేతను శాసించగలదు, నమ్మకాన్ని శాసించలేదన్నది ఆయన వాదనకు మూలం.

1786 జనవరి 4న ఆయన బెర్లిన్‌లో కన్నుమూశారు. తర్వాతి కాలంలో ఆయన ఆరుగురు సంతానంలో నలుగురు క్రైస్తవం స్వీకరించారు. సంప్రదాయవాదులు దాన్ని ఆయన భావాల ఫలితమేనని విమర్శించారు. ఆయన మాత్రం కడదాకా నియమనిష్ఠలు వీడలేదు. వాటిని ఇతరులపై రుద్దే అధికారాన్నీ కోరలేదు.